రాజు దుముకు

నలభై ఏళ్లుగా ఒక అబద్ధాన్ని కడుపులో పెట్టుకొని తిరుగుతున్నాను. మా ఆవిడకు కూడా తెలియదు. మీరు మునిరత్నాన్ని ఎరగరు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను.

మాది చంద్రగిరి. మునిరత్నం మా వీధివాడు, నా ఈడువాడు. ఇళ్లలో, అరుగుల మీద ఆడే మన పాత పద్ధతి చదరంగంలో వాడికి ఎదురు లేదు. ఒకరోజు టీ అంగడి ముందు, పదిమంది చూస్తుండగా, మా నాయనకు బంటుతో ఆట కట్టించాడు. మా వైపు అంతకన్నా తలవంపు లేదు. అంతటితో ఊరుకున్నాడా? "పెద్దాయనా, ఇంక పోయి ఆడోళ్లతో అచ్చనగాయలాడుకో" అన్నాడు. అందరూ నవ్వారు. నాయన మళ్లీ చదరంగం ముట్టలేదు.

ఎనభైల మొదట్లో చిత్తూరులో జిల్లా పోటీలు పెట్టారు. గెలిస్తే జిల్లా జట్టులో చోటు, జట్టులో ఉంటే ఎక్కడైనా ఉద్యోగం దొరుకుతుందని మునిరత్నం ఆశ. పోటీ ఆట నియమాలేమో ఇంగ్లీషు పుస్తకంలో ఉండేవి, వాడికి ఇంగ్లీషు రాదు. తిరుపతిలో చదివిన నేనే నేర్పాను. బంటు మొదట రెండు గళ్లు నడవడం, రాజును ఏనుగు చాటుకు పంపి కోట కట్టడం, అన్నీ సరిగానే నేర్పాను. నేనూ పోటీకి పేరిచ్చాను. ఇద్దరం పోతుంటే చిత్తూరు బస్సులో అడిగాడు.

"మన ఆటలో రాజు ఒక తూరి గుర్రం మాదిరి దూకుతాడే, ఆడ కూడా ఉండాదా అప్పా?"

"ఉండాది. కోట కట్టకుండా ఉంటే దూకచ్చు."

పోటీ ఆటలో ఆ నియమం లేనే లేదు. నా నోరు తడబడలేదు. ముందే అనుకున్నానా? అనుకునే ఉంటాను. నాయన ముఖాన్ని గుర్తుకు తెచ్చుకొని మరీ చెప్పాను.

చివరి ఆట మా ఇద్దరికే పడింది. అంతదాకా వాడికి ఆ దుముకు అవసరమే రాలేదు. నావి తెల్లపావులు. మొదటి ఎత్తుల్లోనే నడుమ బంట్లను ఒకదానికొకటి కొట్టించి దారులు తెరిచాను. వాడు కోట కట్టలేదు. దుముకు ఉంది కదా అని రాజును నడుమే ఉంచి, నా బంట్లను తింటూ పోయాడు. నా బలగమంతా మీదికి వచ్చాక, నవ్వుతూ రాజును పట్టి దూకించాడు.

నేను చెయ్యెత్తి పోటీ నడిపే ఆయన్ను పిలిచాను. ఎత్తు చెల్లదు, ముట్టుకున్న రాజునే కదపాలి అన్నాడాయన. కదపడానికి ఒక్క గడే ఉంది. మూడెత్తుల్లో ఆట కట్టేశాను. "ఈమాత్రం తెలీకుండానే వచ్చినాడా!" అని చుట్టూ నవ్వులు. నా కడుపు చల్లబడింది. దాచడమెందుకు, ఇప్పుడు తలుచుకున్నా చల్లగానే ఉంటుంది.

బయట వాడు నా కాలరు పట్టుకుంటాడని, నాయన పేరు చెప్పి తిరిగి కొట్టాలని కాచుకొని ఉన్నాను. వాడు తల వంచుకొని వచ్చాడు.

"నువ్వు సరిగానే చెప్పింటావు. నా మట్టిబుర్రకే ఎక్కలా. మీ నాయనకు చెప్పొద్దప్పా."

ఆ సాయంత్రమే నాయనకు చెప్పాను. నవ్వాడు. బస్సులో నేను చెప్పిన అబద్ధం సంగతి మాత్రం చెప్పలేదు. జట్టులో చోటు నాకొచ్చింది, ఉద్యోగమూ వచ్చింది. మునిరత్నం మామిడి మండీలో బుట్టలు మోసి బతికాడు, నిరుడు పోయాడు. చివరిదాకా తన బుర్రనే తిట్టుకున్నాడట.

వాడి బుర్ర మంచిదే. అబద్ధం చెప్పింది నేను.