పండుకుంటే నొస్తదా?

మొన్న పొద్దున వనపర్తిలో మా వీధి కిరాణా కొట్టు కాయిన్ బాక్సుకు ధరూర్ నుంచి ఫోనొచ్చింది. మా పెదనాన్న పోయాడు. వస్తుందని తెలిసిన ఫోనే. అయినా కొట్టాయన ఏమైందని అడిగితే, రిసీవరు ఆయన చేతిలో పెట్టి బస్టాండు వైపు నడిచాను.

పెదనాన్న ఎముకలకు కట్లు కట్టేవాడు. చెట్టు మీంచి పడ్డ మనిషైనా, కాలు విరిగిన మేకైనా ఆయన అరుగు మీదికే. కోడిగుడ్డు సొన, వెదురు బద్దలు, పాత ధోవతి గుడ్డ, అంతే. "గింత పిరికోనివి, చెట్టెందుకెక్కినవ్‌రా?" అని ఆటపట్టిస్తూనే ఎముకను చటుక్కున సర్దేసేవాడు.

ఆయన కుక్క ముందుకాలు వాచినప్పుడు బెణికిందనుకుని కట్టు కట్టాడు. తగ్గకపోతే విప్పి మళ్లీ బిగించాడు. అది నడిచేటప్పటికంటే పడుకున్నప్పుడే ఎక్కువ మూలిగేది. కొన్నాళ్లకు దాని డొక్క మీద, చర్మం కింద గట్టి గడ్డలు తేలాయి. గద్వాల పశువుల డాక్టరు చూసి, ఎముకలో పుట్టిన క్యాన్సర్ చర్మం దాకా వచ్చిందన్నాడు. మనుషులకూ ఇట్లా అవుతుందా అని పెదనాన్న అడిగాడట. అరుదే గానీ అవుతుందన్నాడట.

కుక్క పోయాక, అరుగెక్కిన ప్రతి మనిషినీ కట్టుకు ముందు ఒకటే అడిగేవాడు. "పండుకుంటే నొస్తదా?" అవునంటే తాకేవాడు కాదు. "గిది నా చేతిలది కాదు, దవాఖానకు పో" అని పంపేసేవాడు. ఉన్న పేరు పోతుందని పెద్దమ్మ గొణిగేది.

నిరుడు ఆయన మోకాలి కింద వాపొచ్చింది.

"అందరికి కడ్తవ్, నీకు నువ్వు జర కట్టుకోరాదూ?" అంది పెద్దమ్మ.

"పండుకుంటేనే నొస్తదే" అన్నాడు.

హైదరాబాద్ వెళ్లాడు, కాలు కూడా తీయించుకున్నాడు. ఆయన ఆలస్యం చేయలేదు. అయినా అది ఆగలేదు. దసరాకు నేను వెళ్తే, నా వేళ్లు పట్టుకుని తన ఛాతీ మీద పెట్టాడు. చర్మం కింద శనగగింజంత గట్టిగా తగిలింది. నేను చెయ్యి లాక్కున్నాను.

"అంటురోగం కాదులే" అని నవ్వాడు. "కుక్కకొచ్చినట్లే వచ్చింది, సూసినవా?"

నాకు చాలా భయమేసింది. ఆయనకు లేదనుకోను, చూపించలేదు.

మట్టి చేసిన మర్నాడు, సంగతి తెలియని ఒక యువకుడు రాజోలి వైపు నుంచి భార్యతో ఆటోలో వచ్చి దిగాడు. భుజం వాచి ఉంది. పెద్దమ్మ బయటికొచ్చి, చూరులో దోపిన వెదురు బద్దల వైపు ఒకసారి చూసింది.

"పండుకుంటే నొస్తదా, బిడ్డా?"

అతను భార్య ముఖం చూశాడు. "గప్పుడే ఎక్కువ నొస్తదవ్వా."

ఆటో అప్పటికే వెనక్కి తిరుగుతోంది. పెద్దమ్మ అరుగు దిగి, ఆగమని చెయ్యెత్తింది.