చెయ్యి పెట్టి చూసే మనిషి

మా పెదనాయన జయరాం ఎవర్నీ నమ్మడు. ఆదోనిలో పత్తి వ్యాపారం. మద్దికెర నుంచో చిప్పగిరి నుంచో రైతు పత్తి తెస్తే పైపత్తి ముట్టుకోడు. బస్తాలోకి భుజం దాకా చెయ్యి దూర్చి, అడుగు నుంచి గుప్పెడు లాగి, పిండి, వాసన చూసి, అప్పుడు గాని బేరానికి నోరు విప్పడు. వయసులో ఉన్నప్పుడు ఒకసారి పైన మల్లెపూవులా ఉంటే నమ్మి కొన్నాడట. లోపలంతా నీళ్లు చల్లిన పత్తి. మిల్లువాళ్లు లారీని గేటు దగ్గరే వెనక్కి తిప్పారు. ఆ రోజు నుంచి మామిడిపండైనా, పెళ్లి సంబంధమైనా అడుగు నుంచి లాగి చూడాల్సిందే.

కారుకీ అదే గతి. పోయినేడు ఒక షెడ్డులో సర్వీసుకు ఇచ్చే ముందు ఎయిర్ ఫిల్టరు మీద ఎవరికీ కనపడకుండా సున్నం చుక్క పెట్టాడు. బండి తిరిగొచ్చాక చూస్తే చుక్క అలాగే ఉంది. మార్చామని చెప్పి మార్చలేదు. ఆ చుక్కను వీధంతా పిలిచి చూపించాడు. అనుమానపు మనిషికి ఒక్కసారి అనుమానం నిజమైతే చాలు, ఇక పట్టలేం.

అందుకే బ్రేకులు కీచుమనడం మొదలెట్టగానే షెడ్డు మాటే ఎత్తలేదు. నన్ను పిలిచాడు. మరుసటి రోజు ఎమ్మిగనూరు పోయి నవ్యక్కను కాన్పుకు తీసుకురావాలి. ఒక్కగానొక్క కూతురు, ఏడో నెల. ఆ గుంతల రోడ్డు మీద బండి నిలవాల్సిన చోట నిలవకపోతే? ఆ భయం ఆయన ముఖంలో కనిపిస్తూనే ఉంది.

"పని వచ్చునా నీకు?" అన్నాడు.

"షెడ్డులో చేసినా కదా పెదనాయనా."

"ఇంజనీరింగు మధ్యలో ఇడిసిపెట్టినోడివి. బోల్టు మధ్యలో ఇడిసిపెట్టవని నమ్మకమేంది?"

జాకీ తీశాను.

కొత్త బ్రేకు ప్యాడ్లు ఆయనే తెచ్చాడు, భీమన్న స్పేర్ పార్ట్స్ అంగడి నుంచి. వెనక చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, ముందు ఎడమ చక్రం ఊడదీశాను. పాత ప్యాడ్లు అరిగి రేకు దాకా వచ్చాయి. కొత్తవి పెట్టి బిగించేదాకా ఆయన నా తల మీదే నిలబడ్డాడు. ఎండ పడుతోంది, పక్కకు జరగమన్నా జరగలేదు. ఊడదీసిన ప్రతి బోల్టునూ తన తువ్వాలు మీద పెట్టుకున్నాడు, నేను జేబులో వేసుకుంటానేమోనని.

కుడి చక్రం ఊడదీసి పాతవి తీశానో లేదో పెద్దమ్మ రాజేశ్వరమ్మ ఉగ్గాని తినమని లోపలికి పిలిచింది.

"నువ్వు పోయి తినిరా. ఇవి నేను పెడతా. నా బిడ్డ ఎక్కే బండి, నా చెయ్యి పడాల," అన్నాడు పెదనాయన.

తిని వచ్చేసరికి కొత్త ప్యాడ్లు డిస్కుకు చెరో పక్కా కూర్చోబెట్టేశాడు. తిరగేసి పెట్టాడేమోనని వంగి చూశాను. సరిగ్గానే ఉన్నాయి. ఆయన తువ్వాలు కొసతో వేళ్లు తుడుచుకుంటున్నాడు. గ్రీజు అనుకున్నాను. మిగతాది బిగించి, పెడల్ గట్టిపడేదాకా తొక్కి, వీధి చివరిదాకా నెమ్మదిగా పోయి బ్రేకు వేశాను.

బండి నిలవలేదు. ఎడమ వైపుకు గుంజుకుంటూ పోయి, నిలబెట్టిన తోపుడుబండికి జానెడు దూరంలో ఆగింది.

పెదనాయన పరిగెత్తుకొచ్చాడు. "డూప్లికేటు! ఆ భీమన్న అంటగట్టినాడు. లేకుంటే..." ఆగి నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. "నువ్వేమన్నా మార్చినావా?"

"నేనేం మార్చేది? బోల్టులు గూడా నీ తువ్వాలు మీద నుంచే కదా తీసినా!" నాకు ఒళ్లు మండింది. మనసులో మాత్రం నాకూ భీమన్న మీదే అనుమానం.

అంగడి ముందు పెదనాయన అరిచిన అరుపులకు రోడ్డు మీద జనం ఆగారు. భీమన్న కదల్లేదు.

"జయరామన్నా, సీలు సూసి, వాసన సూసి, గోరుతో గీకి తీసుకుపోయింది నువ్వే గదప్పా. ఉరుకుంద ఈరన్న మీద ఒట్టు, అది అసలు సరుకే. పదండి, ఇప్పి సూద్దాం. నాదే తప్పయితే నా అంగడికి తాళమేసుకుంటా."

అతను మా వెంటే వచ్చాడు. ఎడమకు గుంజిందంటే పట్టనిది కుడి పక్కదే, ఆ చక్రం మళ్లీ ఊడదీసి ప్యాడు బయటికి లాగాను. డిస్కుకు రాసుకునే ముఖమంతా నూనె జిడ్డు, ఎర్రటి నారింజ రంగు. భీమన్న వేలితో తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"ఇది సిందూరం గదప్పా!"

పెదనాయన పత్తి అంగడిలో ఒక పద్ధతి ఉంది. కొత్త కాటా వచ్చినా, కొత్త తాళం వచ్చినా, ఆంజనేయస్వామి సిందూరం నూనెలో కలిపి బొట్టు పెట్టనిదే పని మొదలుకాదు. నేను తింటున్నప్పుడు అదే చేశాడు. ఎగతాళి చేస్తానని నాకు కనపడకుండా లోపలి ముఖాలకు పెట్టాడు. కూతురు ఎక్కే బండి కదా, కాస్త దండిగానే పెట్టాడు.

భీమన్న నవ్వు ఆపుకోలేకపోయాడు. "ఆయన సముద్రం దూకిన సామి అన్నా! ఆపే పని ఆయనకు సెప్తే ఎట్ల?"

పెదనాయన తన వేళ్ల వైపు చూసుకున్నాడు. గోళ్ల సందుల్లో ఆ రంగు ఇంకా ఉంది. భీమన్న బండి వెనకెక్కి అంగడికి పోయి, ఇంకో డబ్బా ప్యాడ్లు తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఈసారి సీలు చూడలేదు. నేను డిస్కును గరుకు కాగితంతో రుద్ది, శుభ్రంగా కడిగి, కొత్తవి బిగించేదాకా అరుగు మీద చేతులు చంకల్లో పెట్టుకుని కూర్చున్నాడు.

మరుసటి రోజు పొద్దున ఎమ్మిగనూరులో నవ్యక్క బండి దగ్గరికొచ్చి బానెట్ మీద చెయ్యేసింది.

"నాయనా, బ్రేకులు కొత్తవి ఏసినారంట. సిందూరం పెట్టినావా?"

ఆయన నా వైపు చూశాడు. తడిసిన పత్తిని చూసినట్టు చూశాడు. నేను తాళంచెవి తిప్పుతూ ఆకాశం చూశాను.

"సామికి పెట్టినాలేమ్మా. ఎక్కు," అన్నాడు.

ఆదోని దాకా నా పక్కనే కూర్చున్నాడు. గుంత వచ్చినప్పుడల్లా, లారీ ఎదురైనప్పుడల్లా, ఆయన కుడికాలు కిందున్న మ్యాటును గట్టిగా నొక్కుతోంది.

"బ్రేకు నా పక్క ఉండాది పెదనాయనా," అన్నాను.

"తెలుసులేరా. నువ్వు నొక్కేది నువ్వు నొక్కు. నేను నొక్కేది నేను నొక్కుతా."