మిద్దె మీద ముసలి పెళ్ళికొడుకు

పోయిన ఏడాది ఒక ఆదివారం అనుబంధంలో కొరియా ఆడవాళ్ళ ఆట గురించి చిన్న వ్యాసం వచ్చింది. ఫోటోలో ఆడవాళ్ళు చేతులు పట్టుకుని గుండ్రంగా తిరుగుతున్నారు. నాకు చదువు యాభై దాటాక వచ్చింది. ఆ నాలుగు పేరాలు కూడబలుక్కుని ముగించేసరికి పొయ్యి మీద పప్పు అడుగంటింది. నాలుగు వందల ఏళ్ళ కిందట జపాను సైన్యం ఓడల్లో వస్తే, కొరియా సేనాపతి దగ్గర మనుషులు చాలక, ఆడవాళ్ళకు సిపాయిల బట్టలు తొడిగి కొండ చుట్టూ తిప్పాడట. సముద్రం మీద నుంచి చూసినవాళ్ళు ఇంత సైన్యం ఉందా అని జంకారట. చివర్లో మాత్రం, ఇది జనం చెప్పుకునే కథ, నిజంగా జరిగిందో లేదో తెలియదని రాశారు.

ఆ కథ నేను ఎప్పుడో విన్నాను. కువైట్‌లో, ఇరాక్ సైన్యం వచ్చిపడిన ఆగస్టులో, ఒక వంటగదిలో విన్నాను. విని ఊరుకోలేదు కూడా.

అక్కడ ఇంటి యజమానురాలిని మామా అంటాం. అప్పుడు నేను పనిచేసే ఇంట్లో మామా, ఆమె ఇద్దరు చిన్న కూతుళ్ళు, మామా తల్లి ఉండేవాళ్ళు. ఆ తల్లిని నేను పెద్ద మామా అనేదాన్ని. ఇంటాయన పని మీద వేరే దేశం వెళ్ళి అక్కడే చిక్కుకుపోయాడు. పెరటి వైపు గదిలో ఒక కొరియా నర్సు అద్దెకు ఉండేది. అంటే ఆ ఇంట్లో మగదిక్కు లేదు. మా వీధిలో ఖాళీ చేసి వెళ్ళిపోయిన రెండు ఇళ్ళను సైనికులు అప్పటికే ఊడ్చేశారు. తలుపులతో సహా పట్టుకుపోయారు. మామా తమ్ముడు మాత్రం శుక్రవారానికి కారు తెస్తాను, అక్కనీ, అమ్మనీ, పిల్లల్నీ సరిహద్దు దాటిస్తాను, అంతవరకు గడప దాటొద్దని కబురు పంపాడు. శుక్రవారానికి ఇంకా ఆరు రోజులుంది. ఆ ఆరు రోజులు సైనికులు లోపలికి రాకుండా ఉంటే చాలు. మాకు అంతకు మించిన కోరిక లేదు.

మరుసటి రోజు నేను బియ్యంలో రాళ్ళు ఏరుతుంటే కొరియా నర్సు వచ్చి పక్కన కూర్చుంది. మా ఇద్దరికీ వచ్చింది వంటింటి అరబ్బీ. మిగతాది చేతులతో నడిపేవాళ్ళం. ఆమె నా చేటలో బియ్యాన్ని కుప్పగా పోసింది. కొండ అంది. కొండ చుట్టూ కందిపప్పు బద్దలు పేర్చింది. ఇవి ఆడవాళ్ళు అంది. దూరంగా ఖర్జూరం గింజలు పెట్టి, ఓడలు అంది. బద్దలన్నిటినీ వేలితో గుండ్రంగా తిప్పి, ఖర్జూరం గింజల్ని ఒక్కొక్కటీ వెనక్కి నెట్టింది. నాకు ముందు కథ అర్థమైంది. తర్వాత ఆమె వేలు పైకెత్తి మా మిద్దెను చూపించేసరికి, ఆమె ఉద్దేశం కూడా అర్థమైంది.

మామా వినగానే వద్దంది. "మగవాళ్ళు కనిపిస్తే పట్టుకుపోవడానికే వస్తారు. ఖలాస్, ఇక ఆ మాట ఎత్తొద్దు."

పెద్ద మామా గోడకు ఆనుకుని తస్బీహ్ జపమాల తిప్పుతోంది. "కుర్రాళ్ళను పట్టుకుపోతారు. ముసలాళ్ళను ఏం చేసుకుంటారు? కీళ్ళ నొప్పులకు మందు రాస్తారా? ముసలాళ్ళలాగా నడవండి. యల్లా, బీరువా తియ్యండి" అంది.

బీరువాలో ఇంటాయన తెల్లటి పొడుగు అంగీలు ఆరు దొరికాయి. నడవడానికి నేను, మామా, కొరియా నర్సు, పెద్ద మామా. మిగిలిన రెండు అంగీలు పొద్దునొకసారి, సాయంత్రమొకసారి తడిపి తీగ మీద ఆరేశాం. గుమ్మం ముందు మగవాళ్ళ చెప్పులు ఎనిమిది జతలు పరిచాం. పిల్లలు వాటి చోటు మారుస్తూ ఉండాలి. ఆ పని వాళ్ళకు భలే నచ్చింది.

ఎండ తగ్గాక తలలకు గుడ్డలు చుట్టుకుని మిద్దె ఎక్కాం. పిట్టగోడ మీదుగా మా తలలు, భుజాలు వీధిలోకి కనిపిస్తాయి. కొరియా నర్సు వార్డులో రౌండ్లకు వెళ్ళినట్టు చకచకా నడిచింది. నేను తెలుగులోనే అందుకున్నాను.

"ఓ యక్కా, ముసిలోళ్ళు అట్ల నడుచ్చారా యాడన్నా? మోకాళ్ళు పట్టుకుపోయినట్ల నడువు!"

ఏం అర్థమైందో గాని కాళ్ళు ఈడ్చడం మొదలుపెట్టింది. మామా నడుం మీద చెయ్యేసుకుంది. అందరిలోకీ ముసలిదైన పెద్ద మామాయే నిటారుగా నడిచింది. చిన్నప్పుడు అన్నల బట్టలు తొడుక్కుని సముద్రం ఒడ్డున తిరిగేదట. ఆ సరదా గుర్తొచ్చినట్టుంది.

మొదటి రోజు అలా గడిచింది. రెండో రోజు తప్పు చేసింది నేనే. మా కడప వైపు గొబ్బి తట్టేటప్పుడు గుండ్రంగా తిరుగుతూ, మూడడుగులకోసారి వంగి చప్పట్లు కొడతాం. ఆడవాళ్ళ వెనక ఆడవాళ్ళు గుండ్రంగా తిరుగుతుంటే నా కాళ్ళకు ఇంకో నడక తెలియదు. ఎప్పుడు వంగానో, ఎప్పుడు తట్టానో నాకే తెలియలేదు. వెనకున్న కొరియా నర్సు ఇదీ ఆటలో భాగమే అనుకుని తనూ వంగి తట్టింది. ఆమెను చూసి మామా తట్టింది. నాలుగు చుట్లు తిరిగేసరికి నలుగురం లయలో పడ్డాం. అన్ని రోజుల భయం ఆ చప్పట్లలో కొట్టుకుపోయింది.

కింద గేటు దబదబ మోగింది.

పెద్ద మామా ఎప్పుడు దిగిందో, అంగీ విప్పి తన నల్ల అబాయా ఎప్పుడు కప్పుకుందో! గేటు తీసి నిలబడింది. మేము పైన పిట్టగోడ దగ్గరే బిగుసుకుపోయాం. వచ్చింది ఇద్దరు సైనికులు. మీసాలు కూడా సరిగా రాలేదు.

"హజ్జియా, మిద్దె మీద ఏం చేస్తున్నారు?" అన్నాడు ఒకడు. హజ్జియా అంటే హజ్ చేసొచ్చిన పెద్దావిడ.

"నీకేం కనిపించింది?"

"ముసలాళ్ళు ఎగురుతున్నారు."

"పెళ్ళింట్లో ఎగరక ఏడుస్తారా?"

"పెళ్ళా? ఎవరికి?"

"మా అన్నకి. అదిగో, ఆ మూలనున్న పొట్టివాడు. ఇది మూడోసారి" అంటూ చెయ్యెత్తి కొరియా నర్సును చూపించింది.

సైనికులిద్దరూ తలెత్తారు. కొరియా నర్సుకు ఒక్క ముక్క అర్థం కాలేదు. తననే చూస్తున్నారని మాత్రం తెలిసింది. వాళ్ళ దేశంలో మర్యాద అంటే వంగడమే కాబోలు, నడుం దాకా వంగి అలాగే ఉండిపోయింది.

"చూశారా, వంగితే లేవలేడు. వీడికి పెళ్ళి కావాలంట!" అంది పెద్ద మామా.

ఆ కుర్రాళ్ళు గేటు పట్టుకుని నవ్వారు. "మబ్రూక్, మబ్రూక్!" అని పెళ్ళికొడుక్కి శుభాకాంక్షలు పైకి అరిచారు. నేను కొంగు నోట్లో కుక్కుకుందామని చూస్తే, అంగీకి కొంగు ఎక్కడిది? తలగుడ్డ కొస కుక్కుకున్నాను. ఒకడు మాత్రం నవ్వు ఆపి, ఇంట్లో నుంచి వస్తున్న వాసన పీల్చాడు. మా రాత్రి తిండికి చేసిన కోడి అన్నం అది. వాళ్ళు ఎప్పుడు తిన్నారో ఏమో. పెద్ద మామా పళ్ళెంతో సహా వాళ్ళ చేతుల్లో పెట్టేసింది. మేము ఆ పూట రొట్టె, పెరుగు తిన్నాం. నవ్వుతూ తినేసరికి అదీ సరిగా దిగలేదు.

మరునాడు పళ్ళెం తిరిగొచ్చింది. ఇసుకతో తోమి తెచ్చారు. అందులో పెళ్ళికొడుక్కని ఒక సిగరెట్ పెట్టె పెట్టారు. వాళ్ళ కాపలా మా వీధి మలుపులోనే. తర్వాత వేరే సైనికుల గుంపు ట్రక్కులో వస్తే ఆ ఇద్దరే అడ్డం వెళ్ళి, "అది పెళ్ళివారి ఇల్లు" అని పంపించేశారు. శుక్రవారం దాకా రోజూ సాయంత్రం మిద్దె ఎక్కాం. ఇక నడిచిందే లేదు, గొబ్బి తట్టడమే.

శుక్రవారం మామా తమ్ముడు చెప్పినట్టే వచ్చాడు. అందరం కారులో ఇరుక్కున్నాం. నన్ను అబ్బాసియాలో మా ఊరివాళ్ళ దగ్గర, కొరియా నర్సును వాళ్ళ దేశం వాళ్ళున్న చోట దింపాలని అనుకున్నాం. మలుపులో ఆ కుర్రాళ్ళే కారు ఆపారు. మిద్దె సంగతి మామా తమ్ముడికి ఇంకా ఎవరూ చెప్పలేదు.

కుర్రాడు కిటికీలో తల పెట్టి మమ్మల్నందరినీ చూశాడు. కొరియా నర్సును ఇంకాస్త ఎక్కువసేపు చూశాడు. ఆమె ఒళ్ళో చేతులు బిగించి, ఈసారి వంగకుండా కూర్చుంది.

"హజ్జియా, పెళ్ళికొడుకు రాలేదేం?"

"పెళ్ళికూతురు పారిపోయింది నాయనా. వెతకడానికి వెళ్ళాడు" అంది పెద్ద మామా.

కుర్రాడు తల బయటికి తీసి, కారు పైకప్పు మీద రెండు దెబ్బలు కొట్టి పొమ్మన్నాడు. మలుపు తిరిగాక మామా తమ్ముడు, "ఏం పెళ్ళి? ఎవరి పెళ్ళి?" అని అరిచాడు. వెనక సీట్లో పెద్ద మామా వంగి ఒకసారి చప్పట్లు కొట్టింది. ఆ వెంటనే పిల్లలు, వాళ్ళతో పాటు మేమూ అందుకున్నాం.