నిమ్మనీళ్లు తినేసిన పళ్లు

అశోక్‌నగర్‌ల స్టడీ హాల్ నుంచి బయటికొచ్చి నోటితోటి గాలి పీల్చిన. అంతే, ముందరి పళ్లు జివ్వుమన్నయి. నోరు మూసుకొని అక్కడనే నిలబడ్డ.

నేను గ్రూప్స్‌కు చదువుకుంట నాలుగేండ్ల నుంచి హాస్టల్‌ల ఉంటున్న. రూముల దుమ్ముకు ఒకటే తుమ్ములు. మెడికల్ షాపాయన ఇచ్చిన అలర్జీ గోలీ రోజూ ఏసుకునేదాన్ని. దాంతోని నోరు ఎండిపోయేది. ఎండితే నీళ్ల సీసల నిమ్మకాయ పిండుకొని పొద్దుందాక కొంచెం కొంచెం తాగేదాన్ని. నిమ్మనీళ్లు మంచివని అందరూ చెప్పేటోళ్లే.

చిక్కడపల్లిల ఒక డెంటిస్ట్ రెండు నిమిషాలు చూసిండు. "సెన్సిటివిటీ. పళ్లు పచ్చగున్నయ్, సరిగ తోముతలేవు. ఏం తిన్నా, తాగినా బ్రష్ చెయ్" అన్నడు. సిగ్గుతోని తల వంచుకున్న. గట్టి బ్రష్ కొన్న. నిమ్మనీళ్లు తాగినప్పుడల్ల పోయి రుద్దిన. ఎనిమిది నెలలు.

ఒకరోజు అమ్మ పంపిన సర్వపిండి రొట్టె కొరికితే ముందరి పన్ను అంచు ఇరిగింది. నా రూమ్మేట్ స్వప్న, "అక్కా, ఇంక ఊకోవద్దు" అని నారాయణగూడల వేరే డాక్టర్ దగ్గరికి తీస్కపోయింది.

ఆ మేడమ్ ముందుగాల నేను ఏం తాగుత, ఏ మందులు వాడుత అని అడిగింది. తర్వాతనే నోరు చూసింది.

"ఇది పుచ్చు కాదమ్మా, ఎరోజన్. యాసిడ్‌కి ఎనామిల్ కరిగిపోయింది. ఈ పసుపు మురికి కాదు, సహజంగానే పసుపుగా ఉండే లోపలి భాగం, డెంటిన్, కనిపిస్తోంది."

"రోజుకు ఐదారు సార్లు తోముతున్న కద మేడమ్!"

"అదే చెడగొట్టింది. ఉమ్మి పంటి మీద కంటికి కనపడని పల్చటి పొర వేస్తుంది. పెల్లికిల్ అంటాం. పులుపు నేరుగా పంటికి తగలకుండా కొంత ఆపేది అదే. నీ టాబ్లెట్ ఉమ్మిని తగ్గించేసింది. పొద్దంతా పులుపు తాగావు. మెత్తబడ్డ పంటిని, ఆ పొరతో సహా గీకేశావు."

"మళ్ల వస్తదా?"

"పొర వస్తుంది. ఎనామిల్ రాదు."

నేరుగ చిక్కడపల్లికి పోయిన. "మీరు చెప్పినట్లే చేసిన, చూడున్రి" అని నోరు తెరిచిన. ఆయన, "నిమ్మనీళ్లు తాగుతవని నువ్వు చెప్పలే కద" అన్నడు. "మీరు అడగలే కద" అన్న. తర్వాతి పేషెంట్‌ను పిలిచిండు.

నారాయణగూడ మేడమ్ నాలుగు పళ్లకు కాంపోజిట్ అనే పంటి రంగు ఫిల్లింగ్ పెట్టింది. నెల తిరగకముందే కోచింగ్ క్లాసుల జవాబు చెప్తుంటె ఒకటి ఊడి నాలిక మీద పడ్డది. జవాబు సగంల ఆపి కూసున్న. మళ్ల పెట్టిచ్చుకున్న.

ఇప్పుడు అలర్జీకి ముక్కుల స్ప్రే వాడుతున్న. నోరు ఎండుతలేదు, నిమ్మనీళ్లు బంద్. మెత్తటి బ్రష్, ఫ్లోరైడ్ పేస్ట్. కొత్తగ అరుగుతలేదంటున్నది మేడమ్. పోయింది మాత్రం పోయినట్టే. ముప్పై ఏండ్లకే పచ్చిపులుసు చూస్తె భయమైతది.

ఒక్కటే చెప్త. పుల్లటిది తాగితే ఉత్త నీళ్లతోని పుక్కిలించి ఊకోండి, గంట దాక బ్రష్ ముట్టకండి. ఉమ్మికి దాని పని చేసుకునే టైమియ్యండి. నేనియ్యలే.