విమానంలో రెండుంబావు గంటలే

పోయిన ఎండాకాలం ఆళ్లగడ్డలో నా స్నేహితుడు ఖాసిం తండ్రి తెల్లవారుజామున చనిపోయాడని తెలిసి నంద్యాల నుంచి వెళ్లాను. ఖాసిం చెల్లెలు షాకిరా ఢిల్లీలో ఉంటుంది. మధ్యాహ్నం విమానానికి టికెట్ దొరికింది, బయల్దేరుతున్నానని ఫోన్ చేసింది. వాళ్లలో ఆడవాళ్లు ఖబరస్తాన్‌కు వెళ్లరు. తండ్రి మొహం చూడాలంటే ఇంట్లోనే చూడాలి.

"ఎప్పటికి వస్తాదన్నా? ఐస్ బాక్సు తెప్పియ్యాల్నా?" అని ఖాసిం అడిగాడు.

నేనెప్పుడూ విమానం ఎక్కలేదు. ఆ మాట చెప్పడానికి నామోషీ. ఫోన్లో చూసి, "ఢిల్లీ నుంచి హైదరాబాదుకు రెండుంబావు గంటలేనప్పా. సాయంత్రం నమాజుకంతా ఈడుంటాది. బాక్సు ఎందుకు?" అన్నాను. విమానాశ్రయంలో కాచుకోవడం, హైదరాబాదు నుంచి ఆళ్లగడ్డ దాకా రోడ్డు నా లెక్కలోకే రాలేదు.

సాయంత్రానికి షాకిరా ఇంకా కర్నూలు దాటలేదు. ఎండకు శవం పాడవుతోంది. "ఇంగ ఉంచలేమప్పా" అని పెద్దలు జనాజా ఎత్తి ఖబరస్తాన్‌కు తీసుకుపోయారు.

ఆమె వచ్చేసరికి ఇల్లు కడిగేశారు. గడపలోనే నిలబడి, "అన్నా, మా అబ్బా మొగం ఎట్లుండె?" అని నన్ను అడిగింది.

"నిద్రపోయినట్టుండెమ్మా" అన్నాను.

అదీ అబద్ధమే. ఆ పొద్దున "నాకు తెలీదప్పా" అని ఒక్క మాట అనివుంటే బాక్సు వచ్చేది, ఆమె తండ్రిని చూసుకునేది.