గుర్రం తొక్కలేదు

మా పక్కింటి జట్కా తమ్ముడు పోయాడు. పెళ్ళి ఊరేగింపులో, తన గుర్రం మెడ కింద కూలబడి పోయాడు. ఆ కబురు మీ దాకా ఎలా వచ్చి ఉంటుందో నాకు తెలుసు. సుడి గుర్రం యజమానిని తొక్కి చంపిందని వచ్చి ఉంటుంది. పర్చూరులోనూ అదే అంటున్నారట, చీరాల స్టేషను దగ్గర ఆటోవాళ్ళూ అదే చెప్పుకుంటున్నారట. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే మా వీధి టీచరమ్మ రాస్తోంది. ఆ సాయంత్రం నేను అక్కడే ఉన్నాను. గుర్రం తొక్కలేదు.

అతను నాకు తోడబుట్టినవాడు కాదు. వాళ్ళు సాయిబులు, మేము కాదు. రెండిళ్ళకీ మధ్య ఒకటే గోడ. అటు గుర్రం పాక, ఇటు నా వంటిల్లు. ఆ గోడ మీదుగా పోట్లాడుకుంటూనే ఇన్నేళ్ళు బతికాం. ఈగలు నీ గుర్రానివేనని నేను, పొగ నీ పొయ్యిదేనని అతను. నేను గట్టిగా తిట్టిన రోజున నా వంగ మొక్కలకు తట్టెడు లద్దె తెచ్చి పోసేవాడు. కోపం తగ్గిందా అక్కా, ఇంకో తట్ట తేనా అని అడిగేవాడు. మనిషికి తిట్టుకోవడానికి కూడా ఒక తోడు కావాలని ఇప్పుడు తెలుస్తోంది.

వయసులో చీరాల స్టేషను దగ్గర జట్కా తోలాడు. ఆటోలు వచ్చాక బండి మూలపడింది, పేరు మాత్రం మిగిలింది. గుర్రం లేకుండా ఉండలేక పెళ్ళిళ్ళకు తిప్పడం మొదలుపెట్టాడు. చివరిది ఈ ఆడగుర్రం. నుదుటి మీద ఒకదాని కింద ఒకటి రెండు సుళ్ళు. అలాంటి గుర్రం యజమానిని మింగుతుందని మా వైపు నమ్మకం. నేనూ నమ్మినదాన్నే. కనిగిరి అవతల ఎక్కడో, కొనేవాళ్ళు లేక ఎండలో కట్టేసి ఉంచితే అతను తోలుకొచ్చాడు. తెచ్చిన రోజున గోడ దగ్గర నిలబడి, నీకు బతకాలని లేదా అని అడిగాను.

"సుడి దాని తల్లి కడుపులో వచ్చింది, దానికేం తెలుసు అక్కా. నీ నెత్తిన ఎన్ని ఉన్నాయో, జుట్టు కప్పబట్టి బావ చేసుకున్నాడు" అన్నాడు.

దాన్ని పిల్ల అని పిలిచేవాడు. మిరప కళ్ళాల పక్కన పోవాల్సి వస్తే భుజం మీది తువ్వాలు తడిపి దాని ముక్కుకు కట్టేవాడు. తను మాత్రం దగ్గుకుంటూ, కళ్ళు తుడుచుకుంటూ నడిచేవాడు. నీ ముక్కుకి కట్టుకోవేంరా అంటే, నాకు నోరుంది, తిట్టుకుంటాను, అదేం చేసుద్ది అనేవాడు. జ్వరంగా ఉన్నా ముందు దాని ఉలవలు ఉడికేవి, తర్వాతే ఇంట్లో అన్నం. ఒకసారి దానికి కడుపునొప్పి వస్తే పాక చుట్టూ దాన్ని నడిపిస్తూనే ఉన్నాడు. పడుకోనిస్తే పేగు మెలిపడుతుందట. నడిచి నడిచి అతని కాళ్ళే వాచాయి.

పెళ్ళిళ్ళలో గుర్రానికి పెద్ద శత్రువు టపాకాయ. "భయం ముందు చెవుల్లోకి వచ్చుద్ది అక్కా, తర్వాత కాళ్ళలోకి దిగుద్ది. ఆ మధ్యలో మనం నిలబడాలి" అనేవాడు. అందుకని దానికి ఒక పద్ధతి నేర్పాడు. మోత మొదలవగానే తను దాని మెడ కిందికి దూరి, రొమ్ముకు వీపు ఆనించి నిలబడతాడు. తను అక్కడ ఉన్నంతసేపూ అది గిట్ట కదపకూడదు. తాగి చిందులేసేవాళ్ళను దగ్గరికి రానివ్వకూడదు. "పద పిల్లా" అని తను అన్నాకే కదలాలి. మా ఇళ్ళ వెనక ఖాళీ స్థలంలో ఇదంతా నేర్పాడు. ఆటో నడిపే అతని కొడుకు రేకు డబ్బా పట్టుకుని మోగించేవాడు. ఆ మోత భరించలేక నేను తిట్టిన తిట్లు వీధంతా విన్నది.

ఆ సాయంత్రం కల్యాణమండపం గేటు ముందు పెళ్ళికొడుకు గుర్రం దిగాడు. నేను ఎదురు అరుగు మీద కూర్చుని ఉన్నాను. టపాకాయలు వెలిగించారు. తమ్ముడు ఎప్పటిలాగే మెడ కిందికి వెళ్ళాడు. కాసేపటికి గోడ వెంట జారినట్టు దాని రొమ్ము వెంట జారి, నేల మీద కూర్చుండిపోయి, పక్కకు ఒరిగాడు. ఒక చెయ్యి గుండె మీద ఉంది. గుర్రం నాలుగు కాళ్ళూ పాతినట్టు నిలబడింది.

జనం పరుగెత్తుకొచ్చారు. అది చెవులు వెనక్కి వేసి కరవబోయింది. ఒకడి చొక్కా చింపింది. తొక్కేస్తోందని ఎవరో కేక వేశారు. అందరికీ దాని నుదురు గుర్తొచ్చింది. కళ్ళెదుట ఉన్నది వదిలేసి, ఎప్పుడో విని ఉన్నదాన్ని చూశారు. కర్రలతో కొట్టారు. దెబ్బలకు వణికింది గానీ కాలు ఎత్తలేదు. నేను వెళ్ళి, తమ్ముడు నేర్పిన ఆ "పద పిల్లా" మాట అన్నాను. నా వంక చూసింది, కదలలేదు. ఆఖరికి కొడుకు ఆటో వదిలేసి వచ్చి "పద పిల్లా" అన్నాడు. వాడిది తండ్రి గొంతే. అప్పుడు పక్కకు జరిగింది. ఆసుపత్రికి చేరేసరికి ప్రాణం లేదు. గుండె ఆగిపోయిందని డాక్టరు చెప్పాడు.

అది వీధి పెద్దలకు చాల్లేదు. గుర్రం ఊళ్ళో ఉండటానికి వీల్లేదన్నారు. కొడుకు ఒక పశువుల బేరగాణ్ణి పిలిచాడు. పెళ్ళిళ్ళకు కాదు, బండికి కాదు, మరి ఎక్కడికి తీసుకుపోతావయ్యా అని అడిగితే ఆ బేరగాడు నా మొహం చూడలేదు. నేను పాక ముందు అడ్డంగా కూర్చున్నాను. అతను తెచ్చిన వ్యాను తిరిగిపోయింది. ఆ పూటే గుర్రాన్ని నా దొడ్లో కట్టేసుకున్నాను. రేపు వ్యాను మళ్ళీ వస్తుందట.

నిన్న కొడుకుని పిలిచి నిలదీశాను. "మీ నాన్న ఒంటికి ఆఖరి స్నానం చేయించింది నువ్వే కదరా. గిట్ట దెబ్బ ఎక్కడన్నా ఉందా?"

"దెబ్బ లేదు పెద్దమ్మా. కానీ మనుషుల్ని దగ్గరికి రానిచ్చిందా? ఆ కాస్త సేపు రానిచ్చుంటే బతికేవాడేమో."

వాడన్నది నిజమే కావచ్చు. ఆ సంగతి ఇక్కడ రాయించడానికి నాకు సిగ్గు లేదు. అయినా ఊరుకోలేక, అది చేసింది మీ నాన్న నేర్పిన పనే కదరా అన్నాను.

"నేర్పింది నాన్న. డబ్బా కొట్టింది నేను. ఇంకెవర్ని తిట్టుకోను పెద్దమ్మా, గుర్రాన్ని తప్ప" అని వెళ్ళిపోయాడు.

వాడి బాధ నాకు అర్థమైంది. వాడికి సుడి మీద నమ్మకం లేదు. దాన్ని చూస్తూ బతకలేకపోతున్నాడు, అంతే. కానీ ప్రాణం పోసి పెంచిన మనిషి లేడని, చెప్పిన మాట విన్నందుకు ఒక జీవాన్ని కత్తికి పంపిస్తారా? నేను ఉండగా ఆ వ్యాను ఎక్కనివ్వను. దాని వీపు మీద కర్రల వాతలు ఇంకా మానలేదు. నేను వండి పెట్టిన ఉలవలు మూతి పెట్టి చూసి వదిలేస్తోంది. తమ్ముడి పాతిక రకాల బుజ్జగింపులు నాకు రావు. తినవే అని కసురుతాను, నాకు వచ్చింది అదే.

ఇది చెబుతుండగానే వాడు వచ్చాడు. దొడ్డి గడప మీద, గుర్రానికి వీపు పెట్టి కూర్చున్నాడు. అది తాడు బిగిసేదాకా ముందుకొచ్చి, మెడ చాచి, వాడి తల మీద జుట్టు వాసన చూస్తోంది. దాని ఊపిరికి జుట్టు లేచి పడుతోంది. వాడు వెనక్కి తిరగడం లేదు. లేచి పోవడమూ లేదు.