ఇది బంద్ కాదు

శుక్రవారం పొద్దున సిరిసిల్ల నుంచి ఫోన్ వచ్చింది. మా నక్షా సాబ్ పోయారని ఆయన చిన్న బిడ్డ చెప్పింది. నమాజు చేసుకుని, చాయ్ అడిగి, అది వచ్చేలోపు గోడకు ఆనుకుని అలాగే కళ్లు మూశారట. తప్పుగా అనుకోకండి, నా నోట ముందు వచ్చిన మాట "హమ్మయ్య". ఏడాదిగా ఊపిరాడక ఆయన పడ్డ అవస్థ చూసినవాళ్లెవరైనా అదే అంటారు. ఆ తర్వాత వంటింట్లో కూర్చుని కరువుతీరా ఏడ్చాను.

నక్షా అంటే మా దిక్కు పటం, ప్లాను. రోడ్డు తవ్వి పనిచేసేటప్పుడు బండ్లు ఎక్కడ నెమ్మదించాలి, ఎటు తిరగాలి, ఏ బోర్డు ఎంత దూరంలో నిలబెట్టాలి, ఎర్రజెండా పట్టుకుని ఎవరు ఎక్కడ నిలబడాలి అని గీసివ్వడం ఆయన పని. సర్కారు కొలువులో రిటైరై మా కాంట్రాక్టర్ దగ్గర చేరారు. నేను ఇంజినీరింగ్ పాసై అక్కడే కొత్తగా చేరాను. ఆయనదీ నాదీ సిరిసిల్లే. ఆయనకు ఇంట్లో ఉర్దూ, బయట మా తెలుగు. నేను మరమగ్గాల మోతలో పుట్టి పెరిగినదాన్ని కాబట్టి గొంతూ పెద్దది, నోరూ పెద్దదే. నేను పది మాటలంటే ఆయన ఒకటి అనేవారు, అదీ పెన్సిల్ చెక్కుకుంటూ.

ఆయన పద్ధతి నాకు మొదట్లో ఒట్టి చాదస్తంగా తోచేది. ప్లాను గీయాల్సిన రోడ్డు మీద ముందు నడిచేవారు. తర్వాత స్కూటర్ మీద పోయేవారు. ఆ తర్వాత బస్సెక్కి, డ్రైవర్ వెనక సీట్లో కూర్చుని, అతని తల ఎటు తిరిగితే అటు చూసేవారు. రుద్రంగి రోడ్డు పనికి ఇలా మూడు రోజులు నన్ను తిప్పేసరికి ఒళ్లు మండి, కొలతలన్నీ పుస్తకంలో ఉన్నాయి కదా సాబ్, దీనికి ఇంత తిరుగుడు ఎందుకని అడిగేశాను.

"బోర్డు సదువచ్చినోని కోసం గాదు బిడ్డా, తొందర్ల ఉన్నోని కోసం," అన్నారు ఆయన.

బోర్డుల మీద దుమ్ము పడితే జేబులోంచి సొంత దస్తీ తీసి తుడిచేవారు. ఆ దస్తీలు ఉతకలేక ఇంట్లో ఆమె ఎన్నెన్ని మాటలందో ఆయనే చెప్పి మురిసిపోయేవారు.

తెలంగాణ ఉద్యమం మంచి ఊపు మీదున్న రోజులవి. కోరుట్ల, జగిత్యాల నడుమ ఒక కల్వర్టును పడగొట్టి కొత్తది కట్టే పని వచ్చింది. దాని ప్లాను నన్నే గీయమన్నారు. నేను ఒక్కదాన్నే గీసిన మొదటి ప్లాను అది. పుస్తకం ముందేసుకుని, కొలతకు కొలత సరిచూసి గీశాను. రోడ్డుకు అడ్డంగా డ్రమ్ములు, వాటి ముందు బాణం గుర్తు బోర్డు, ఎడమ పక్క పొలాల్లోంచి బండ్లు పోవడానికి మట్టిదారి. నడిచి చూశావా అని సాబ్ అడిగారు. చూశానన్నాను. అబద్ధం. నడిచి ఉంటే, ఆ వారం ఆ రోడ్డు మీద జనం దేన్ని చూసి ఏమనుకుంటున్నారో నాకు తెలిసేది.

అంతటితో ఊరుకున్నానా! స్కూటర్లు డ్రమ్ముల సందుల్లోంచి దూరి గోతిలో పడతాయేమోనని, సందులన్నిటికీ పెద్ద రాళ్లు, తుమ్మకంప అడ్డం వేయించాను. ఇది ఏ పుస్తకంలోనూ లేదు, నా సొంత తెలివి.

మర్నాడు పొద్దున ఆటోలో పోతే, పని చోటుకు చాలా ముందే బండ్ల వరస. లారీలు, ట్రాక్టర్లు, ఆటోలు, అన్నీ ఇంజన్లు ఆపేసి ఉన్నాయి. డ్రైవర్లు తువ్వాళ్లు పరుచుకుని పేకాడుతున్నారు. ఒకచోట మూడు రాళ్లు పెట్టి అన్నం వండుతున్నారు. ఏమిటని అడిగితే రాస్తారోకో అన్నారు. అప్పట్లో అది వింతేమీ కాదు, ఎక్కడో ఒకచోట రోడ్డు ఆగుతూనే ఉండేది, జనం రోడ్డు మీదే వండుకుని తినేవారు. మంచిదే కదా అని నేనూ ఆటో దిగి ఆడవాళ్ల పక్కన కూర్చున్నాను. గంటసేపు గొంతు చించుకుని నినాదాలిచ్చాను. ఎవరో విస్తరాకులో అన్నం పెడితే తిన్నాను కూడా.

అంతలో జగిత్యాల వైపు నుంచి నక్షా సాబ్ స్కూటర్ మీద వచ్చారు. అటు పక్కా బండ్లు ఇలాగే ఆగి ఉన్నాయట. మట్టిదారి సంగతి తెలుసు కాబట్టి ఆయన ఒక్కరే అందులోంచి వచ్చేశారు. వరసను చూశారు, నన్ను చూశారు.

"చేస్తున్నది ఎవలు బిడ్డా?" అని అడిగారు.

నేను చుట్టూ చూశాను. సంఘం లేదు, నాయకుడు లేడు. పక్కవాళ్లను అడిగితే ముందువాళ్లన్నారు. ముందువాళ్లు ఇంకా ముందువాళ్లన్నారు. అందరికంటే ముందున్న నూలు లారీ డ్రైవర్ నా డ్రమ్ములను, నా రాళ్లను, నా ముళ్లకంపను, వాటి పక్కన ఎర్రజెండా పట్టుకుని నిలబడ్డ మా వీర్నపల్లి కూలీ అక్కను చూపించి, ఇది బంద్ కాదా మేడం అన్నాడు. అతను వీటిని చూసి లారీ ఆపాడు, సరిగ్గా బాణం బోర్డుకు అడ్డంగా. వెనకవాళ్లకు బోర్డే కనపడలేదు. అక్కను అడిగితే, అందరూ ఆగారు కాబట్టి నేనూ ఆగానంది. రెండు గంటలుగా వాళ్లంతా నా ప్లాను ముందు రాస్తారోకో చేస్తున్నారు. గీసినదాన్ని నేనూ అందులోనే కూర్చున్నాను.

నాకు నవ్వొచ్చింది కూడా. అప్పుడు వరస మధ్యలో ఒక ఆటోలోంచి మూలుగు వినపడింది. నిండు చూలాలు, నొప్పులు మొదలై కొంగు పళ్ల మధ్య కొరుక్కుంటోంది. మల్లాపూర్ దిక్కు వాళ్లు, జగిత్యాల దవాఖానకు పోవాలి. ఇంతసేపు ఎవరికీ ఎందుకు చెప్పలేదని సాబ్ ఆమె అత్తను అడిగారు.

"తెలంగాణ కోసమే గదా సారూ ఆపిండ్రు. ఓర్సుకుందామని కూసున్నం," అంది ఆమె.

ఆ పిల్ల ఓర్చుకున్నది తెలంగాణ కోసం కాదు, నా బద్ధకం కోసం, నా అతితెలివి కోసం. సాబ్ గబగబా వరస ముందుకు నడిచారు. లారీని ఎడమకు తిప్పించి, ఆటోను ముందుకు రప్పించి, తన స్కూటర్‌ను దాని ముందు పెట్టుకున్నారు.

"రాళ్లు తీసెయ్యి. గిది బంద్ కాదని పెద్దగ రాయి," అని హారన్ కొట్టుకుంటూ జగిత్యాల వైపు వెళ్లిపోయారు.

రాళ్లు తీయించాను. ముళ్లకంప నేనే లాగి పారేశాను, చేతులు గీరుకుపోయాయి. రేకు మీద ఎర్ర రంగుతో "ఇది బంద్ కాదు. రోడ్డు పని. ఎడమకు పోండి" అని రాసి నిలబెట్టాను. అక్కను అటు చివరకు పంపి, ఇటు చివర నేనే జెండా పట్టుకున్నాను. బండ్లు కదిలాయి. సాబ్ ఫోన్ ముందురోజు నుంచీ మా డేరాలోనే ఉండిపోయింది, కనుక్కునే దారి లేదు. మధ్యాహ్నం పోయింది, నాలుగూ దాటింది. ఆ పిల్లకేమన్నా అయితే మళ్లీ పెన్సిల్ ముట్టుకోనని ఎన్నిసార్లు అనుకున్నానో.

ఆ తర్వాత ఏళ్లపాటు ఆయన దగ్గర పనిచేశాను. ఆయన ఒక్కనాడూ ఆ సంగతి ఎత్తలేదు. మొన్న సిరిసిల్లలో వాళ్లింటి ఆడవాళ్లతో కూర్చుని ఇదంతా చెబితే, వాళ్లెవరికీ తెలియదు. ఇంట్లో కూడా చెప్పలేదన్నమాట మహానుభావుడు. ఆయన నక్షాలూ ఏవీ మిగల్లేదు. పని అయిపోగానే బోర్డులు పీకేస్తారు, ఆ దారిన ఎవరికీ ఏమీ కాలేదన్న సంగతి ఎవరికి గుర్తుంటుంది! ఆ సాయంత్రం ఒక్కటి చెప్పి ముగిస్తాను.

ఎండ వాలుతుండగా గోతికి అవతల ఆయన స్కూటర్ కనపడింది. మట్టిదారి ఒకసారి ఒక వైపు బండ్లకే సరిపోతుంది. ఇటు నుంచి లారీలు పోతున్నాయని అక్క ఎర్రజెండా అడ్డం పెట్టింది. ఒక్క స్కూటరే కదా, పక్కనుంచి దూరి రావచ్చు. ఆయన ఆగారు. లారీ వెనక లారీ పోతోంది. దుమ్ములో ఆయన ముఖం ఆనడం లేదు, నా ప్రాణం గిలగిల్లాడుతోంది. ఎట్లున్నరు సాబ్ అని అరిచాను, వినపడలేదు. దుమ్ము కొంచెం తగ్గింది. ఆయన గోతి మీదుగా నన్నే చూస్తూ కుడిచెయ్యి పైకెత్తి రెండు వేళ్లు చూపించారు. తల్లీ, బిడ్డా, ఇద్దరూ క్షేమం. అక్క జెండా దించేదాకా ఆయన ఆ రెండు వేళ్లు దించలేదు.